ఆర్థిక మంత్రులకు బహిరంగ లేఖ: బడి భవనం పెట్టుబడి అయితే టీచరు జీతం ఖర్చెలా అవుతుంది?

గౌరవనీయులైన ఆర్థిక మంత్రులకు, బడ్జెట్ తయారుచేసే ఆర్థిక శాఖల అధికారులకు,

నమస్కారం.

ఏ దేశంలో బడ్జెట్ ప్రసంగం విన్నా రెండు ప్రకటనలు దాదాపు తప్పకుండా ఉంటాయి. పెట్టుబడి వ్యయం పెంచామన్నది ఒకటి. రోజువారీ ఖర్చును అదుపులో పెట్టామన్నది మరొకటి. మొదటిదానికి సభలో బల్లలు చరుస్తారు. రెండోదాన్ని ఆర్థిక క్రమశిక్షణ అని పత్రికలు మెచ్చుకుంటాయి. ఈ రెండింటి మధ్య మీరు గీసిన గీత గురించే ఈ ఉత్తరం. పనిచేసే మనిషి ఒక గంటలో ఎంత విలువ సృష్టించగలడన్నదాన్నే ఉత్పాదకత అంటాం. జీతాలు పెరగాలన్నా, పన్నులు రావాలన్నా, చివరికి మీరు తెచ్చిన అప్పులు తీరాలన్నా దానిమీదే ఆధారం. ఆ ఉత్పాదకతను పెంచే ఖర్చులో చాలా భాగం మీ గీతకు అవతల, తగ్గించాల్సిన పద్దుల్లో పడి ఉంది.

బడి కడితే పెట్టుబడి, అందులో పాఠం చెప్పే టీచరు జీతం ఖర్చు. ఆసుపత్రి భవనం పెట్టుబడి, నర్సూ మందులూ ఖర్చు. కొత్త రోడ్డు పెట్టుబడి, పాత రోడ్డు గుంతలు పూడ్చడం ఖర్చు. లెక్కలు రాసేవాళ్లకు ఈ విభజన అవసరమే, కాదనను. అప్పు తెచ్చి జీతాలివ్వడం అలవాటు చేసుకున్న ప్రభుత్వం ఎక్కడ తేలుతుందో అందరికీ తెలుసు. కానీ లెక్కల కోసం పెట్టుకున్న విభజన ఇప్పుడు మంచిచెడుల తీర్పుగా మారిపోయింది. ఒక పద్దులో ఉంటే దూరదృష్టి, ఇంకో పద్దులో ఉంటే దుబారా.

"కష్టకాలం వస్తే ముందు కోతపడేది పెట్టుబడికే కదా" అని మీలో కొందరు అనవచ్చు. చాలా దేశాల్లో అది నిజమే. ఉన్న ఉద్యోగి జీతం ఆపలేరు, పింఛను ఆపలేరు, వడ్డీ అసలే ఆపలేరు. కాబట్టి కొత్త పనులు వాయిదా వేస్తారు. అయితే ఆ రోజువారీ ఖర్చు లోపలికి వెళ్లి చూడండి. జీతాల మొత్తం పెద్దగా కదలదు గానీ, ఖాళీ అయిన టీచరు పోస్టు ఖాళీగానే ఉండిపోతుంది. మందుల కొనుగోలు ఆలస్యమవుతుంది. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తకు ప్రయాణ ఖర్చులు ఆగిపోతాయి. శిక్షణ రద్దవుతుంది. మరమ్మతు వచ్చే ఏడాదికి పోతుంది. వీటిలో దేనికీ ప్రారంభోత్సవం ఉండదు. ఆగిపోయినప్పుడు ధర్నాలు కూడా ఉండవు. అందుకే ఇవి అంత తేలిగ్గా పోతాయి. నా బాధంతా ఈ చిన్న పద్దుల గురించే.

అవి నిజంగా చిన్నవేనా అన్నది ముందు చూద్దాం.

ఇండోనేషియా రబ్బరు తోటల కార్మికుల మీద 1979లో ఒక అధ్యయనం వెలువడింది. రబ్బరు పాలు తీసేవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు మిగతావాళ్లకంటే దాదాపు 20 శాతం తక్కువ పని చేస్తున్నారని తేలింది. 60 రోజులు ఐరన్ ఇచ్చేసరికి వాళ్ల పని మిగతావాళ్లను అందుకుంది. అదే తోట, అదే కత్తి, అదే మనిషి. కొత్త యంత్రం రాలేదు, కొత్త రోడ్డు పడలేదు. ఆ రెండు నెలలకు ముందు వాళ్లను చూసినవాళ్లు బహుశా సోమరులనే అనుకుని ఉంటారు. పనివాళ్లలో ఉత్పాదకత లేదని, వాళ్లకు నైపుణ్యం లేదని, కష్టపడే మనస్తత్వం లేదని వేదికల మీద మాట్లాడే ప్రతిసారీ ఈ తోటను గుర్తుచేసుకోవాలని నా మనవి.

ఇంకొంచెం వెనక్కి, మనిషి పనిలోకి రావడానికి చాలా ముందున్న కాలానికి వెళ్దాం. గ్వాటెమాలాలో 1969 నుంచి 1977 వరకు నాలుగు గ్రామాల్లో పిల్లలకు పోషకాహారం ఇచ్చే ప్రయోగం జరిగింది. రెండు గ్రామాల్లో మాంసకృత్తులున్న జావ ఇచ్చారు. మిగతా రెండింటిలో మాంసకృత్తులు లేని తియ్యటి పానీయం ఇచ్చారు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక పరిశోధకులు మళ్లీ వెతికి పట్టుకున్నారు. పుట్టినప్పటి నుంచి రెండేళ్ల వయసు దాకా ఆ జావ అందిన మగవాళ్లు గంటకు సంపాదించే మొత్తం 46 శాతం ఎక్కువగా ఉంది. ఈ ఫలితాలు 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఆడవాళ్ల సంపాదనలో మాత్రం అలాంటి పెరుగుదల కనిపించలేదు. శరీరంలో, మెదడులో బలం ఉన్నా దాన్ని జీతంగా మార్చుకునే పని అందుబాటులో లేకపోతే లెక్కలో ఏమీ కనిపించదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

జమైకాలో 1980లలో ఇంకో ప్రయత్నం జరిగింది. ఎదుగుదల కుంటుపడిన చిన్నపిల్లల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట చొప్పున రెండేళ్లపాటు వెళ్లారు. పిల్లలతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు చూపించారు. భవనం లేదు, పరికరాలు లేవు. ఒక మనిషి, కొన్ని ఇంట్లో చేసుకున్న బొమ్మలు, ఒక గంట సమయం. 20 ఏళ్ల తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన, అలాంటి సహాయం అందని అదే స్థితిలోని పిల్లలకంటే 25 శాతం ఎక్కువగా ఉంది. మీ బడ్జెట్‌లో ఈ కార్యక్రమం ఏ పద్దు కింద పడుతుంది? మొత్తం రోజువారీ ఖర్చు కిందే. ఆస్తుల జాబితాలో ఒక్క రూపాయి కూడా చేరదు, ఒక్క డాలరూ చేరదు.

ఇలాంటి ఫలితాలన్నీ తిరుగులేనివని నేను చెప్పను. కెన్యాలో 1998లో మొదలైన, బడిపిల్లలకు నులిపురుగుల మాత్రలు ఇచ్చిన ప్రయోగం మీద పరిశోధకుల మధ్య పెద్ద వాదనే జరిగింది. అంకెల్ని మళ్లీ లెక్కగట్టినవాళ్లు కొన్ని తప్పులు చూపించారు. అసలు పరిశోధకులు జవాబిచ్చారు. ఆ తర్వాత కూడా ఆ పిల్లల్ని 20 ఏళ్లు వెంటాడి చూసి, రెండు మూడేళ్లు అదనంగా మాత్రలు అందినవాళ్ల గంట సంపాదన 13 శాతం ఎక్కువగా ఉందని 2021లో ప్రకటించారు. ఆ 13ను 5 అనుకున్నా, కొన్ని సెంట్ల మాత్రకు అంతకంటే మంచి రాబడి తెచ్చే పెట్టుబడి మీకు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టిన ఉదాహరణ చెబుతాను. ఇంగ్లండులో 1999లో ష్యూర్ స్టార్ట్ అనే కార్యక్రమం మొదలైంది. ఐదేళ్లలోపు పిల్లలున్న కుటుంబాలకు ఆరోగ్యం, పిల్లల సంరక్షణ, తల్లిదండ్రులకు సలహా, ఉద్యోగం వెతుక్కోవడంలో సహాయం, అన్నీ ఒకే చోట. మొదట పేద ప్రాంతాల్లో పెట్టారు, తర్వాత దేశమంతా విస్తరించారు. 2010 తర్వాత పొదుపు విధానం వచ్చింది. నిధులు సుమారు మూడింట రెండు వంతులు పోయాయి. చాలా కేంద్రాలు మూతబడ్డాయి. అప్పటికి ఈ కార్యక్రమం వల్ల ఫలానా లాభం కలిగిందని గట్టిగా చెప్పగలిగే అంకెలు ఎవరి దగ్గరా పెద్దగా లేవు. ఎలా ఉంటాయి? ఆ పిల్లలు ఇంకా బడిలోనే ఉన్నారు. 2024లో ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ అనే బ్రిటన్ పరిశోధన సంస్థ పరిశోధకులు అంకెలు బయటపెట్టారు. కేంద్రానికి దగ్గరలో పెరిగిన పిల్లలు 16 ఏళ్ల వయసులో రాసే పరీక్షల్లో మెరుగైన ఫలితాలు సాధించారు. పేద కుటుంబాల పిల్లలకు ఆ లాభం ఇంకా ఎక్కువ. అంటే కార్యక్రమం పనిచేసిందన్న రుజువు, కార్యక్రమాన్ని ముక్కలు చేసిన చాలా ఏళ్లకు వచ్చింది.

అదే నివేదికలో ఇంకో విషయం ఉంది, దాన్ని దాటిపోవద్దు. ఈ లాభమంతా దాదాపుగా మొదటి దశలో పెట్టిన కేంద్రాల వల్లే వచ్చింది. వాటికి ఒక్కో పిల్లవాడికి ఎక్కువ డబ్బు ఇచ్చారు, ఇళ్లకు వెళ్లి కుటుంబాల్ని పలకరించే సిబ్బంది ఉన్నారు, స్థానికుల మాటకు విలువ ఉంది. తర్వాత అదే పేరుతో, తక్కువ డబ్బుతో విస్తరించిన కేంద్రాల వల్ల పెద్ద ప్రభావం కనిపించలేదు. బోర్డు ఒకటే, లోపలి పని వేరు. పథకాల సంఖ్య, కేంద్రాల సంఖ్య చదివి వినిపించే ప్రతి ప్రసంగానికీ ఇది వర్తిస్తుంది.

నేను భవనాలకు వ్యతిరేకిని కాను. బడులు కట్టడం వల్ల ఒక తరం సంపాదనే మారిన దేశం మళ్లీ ఇండోనేషియానే. చమురు ఆదాయం పెరిగిన రోజుల్లో, 1973 తర్వాత అయిదారేళ్లలోనే ఆ ప్రభుత్వం 61,000కు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టింది. ఆర్థికవేత్త ఎస్తేర్ డుఫ్లో 2001లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఆ బడుల వల్ల పిల్లల చదువు పెరిగింది, పెద్దయ్యాక జీతాలు పెరిగాయి. ఒక్కో ఏడాది అదనపు చదువుకు సుమారు 7 నుంచి 11 శాతం జీతం పెరిగినట్టు ఆమె లెక్క తేల్చారు. భవనాల గొప్పతనానికి రుజువుగా ఈ కథను చాలామంది చెబుతారు. వాళ్లు చెప్పకుండా వదిలేసే వాక్యం ఒకటుంది. బడి కట్టిన తర్వాత టీచర్లను నియమించిందీ, వాళ్లకు జీతాలిచ్చిందీ ఆ ప్రభుత్వమే. టీచర్ల శిక్షణ కూడా దాంతోపాటే సాగింది. బావి తవ్వించి చేద, తాడు కూడా ఇచ్చింది. మీలో చాలామంది బావి దగ్గరే ఆగిపోతున్నారు.

టీచరు జీతం ఖర్చు కాదని ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, అమెరికాలో పది లక్షలకు పైగా పిల్లల చదువు, పన్ను రికార్డులు కలిపి చూసిన ఒక పరిశోధన 2014లో వచ్చింది. అందరికంటే బలహీనమైన 5 శాతంలోని ఒక టీచరు స్థానంలో సగటు టీచరును పెడితే, ఆ ఒక్క తరగతి గదిలోని పిల్లల జీవితకాల సంపాదన, ఇవాళ్టి విలువలో, సుమారు 2,50,000 డాలర్లు పెరుగుతుందని లెక్కగట్టారు. ఒక్క గది, ఒక్క ఏడాది. మంచి టీచరును తయారుచేయడానికి, నిలబెట్టుకోవడానికి పెట్టే డబ్బును పొదుపు ఖాతాలో వేసుకునే ముందు ఈ అంకె పక్కన పెట్టి చూడండి.

అయితే జీతం ఇచ్చినంత మాత్రాన పని జరుగుతుందనీ అనను. బంగ్లాదేశ్, ఈక్వడార్, ఇండియా, ఇండోనేషియా, పెరూ, ఉగాండా దేశాల్లో ముందు చెప్పకుండా బడులకు, ఆరోగ్య కేంద్రాలకు వెళ్లి చూసిన సర్వే ఫలితాలు 2006లో వచ్చాయి. సగటున 19 శాతం టీచర్లు, 35 శాతం ఆరోగ్య సిబ్బంది ఆ సమయానికి అక్కడ లేరు. ప్రజల సొమ్ము పోతోంది, పాఠం జరగడం లేదు. ఇది చూసి "అందుకే ఈ ఖర్చు తగ్గించాలి" అనడం తప్పు ముగింపు. రోడ్డు కాంట్రాక్టరు నాసిరకం పని చేస్తే రోడ్లే వద్దనరు కదా, తనిఖీ పెంచుతారు. మనుషుల మీద పెట్టే ఖర్చుకు మాత్రం తనిఖీకి బదులు కోత వేస్తారు.

పెట్టుబడి పద్దులో పడినంత మాత్రాన డబ్బు ఉత్పాదకతగా మారిపోదనడానికి మీ సొంత సంస్థలే సాక్ష్యం. సగటు దేశంలో ప్రభుత్వ పెట్టుబడి వల్ల రావాల్సిన ప్రయోజనంలో దాదాపు 30 శాతం ప్రణాళిక, అమలు లోపాల వల్ల పోతోందని అంతర్జాతీయ ద్రవ్యనిధి 2015లో అంచనా వేసింది. రోడ్ల విషయం ఇంకా ఆసక్తికరం. 1989లో డేవిడ్ అషావర్ అనే ఆర్థికవేత్త, అమెరికా ఉత్పాదకత మందగించడానికి ప్రభుత్వ నిర్మాణాలు తగ్గడం ఒక ముఖ్య కారణమని వాదించాడు. నిర్మాణాల మీద ఖర్చు పెంచాలనేవాళ్లకు అది గొప్ప ఆయుధమైంది. పదేళ్ల తర్వాత జాన్ ఫెర్నాల్డ్ అనే మరో ఆర్థికవేత్త మరింత లోతుగా చూశాడు. 1956 చట్టంతో మొదలైన జాతీయ రహదారుల వ్యవస్థ వల్ల, వాహనాలు ఎక్కువ వాడే పరిశ్రమల ఉత్పాదకత నిజంగానే బాగా పెరిగింది. కానీ ఆ పెరుగుదల ఒక్కసారి వచ్చేది. దేశమంతా కలిపే రోడ్లు మొదటిసారి పడినప్పుడు బతుకులు మారతాయి. వాటి పక్కనే రెండో వరస వేస్తే అంత మార్పు రాదు. రోడ్డు లేని చోట రోడ్డే గొప్ప పెట్టుబడి. ఉన్నచోట, ఉన్నదాన్ని బాగుచేయడమే గొప్ప పెట్టుబడి కావచ్చు. కానీ బాగుచేయడం మీ లెక్కలో ఖర్చు.

గ్వాటెమాలా మహిళల సంగతికి మళ్లీ వస్తానన్నాను. పని చేయగలిగి కూడా పనిలో లేని మనిషి ఉత్పాదకతను ఏ యంత్రమూ పెంచలేదు. కెనడాలోని క్యూబెక్ ప్రభుత్వం 1997లో రోజుకు 5 డాలర్లకే పిల్లల సంరక్షణ మొదలుపెట్టింది. తల్లులు పెద్ద సంఖ్యలో ఉద్యోగాల్లోకి వచ్చారు. జంటగా ఉన్న కుటుంబాల్లో తల్లుల ఉద్యోగ శాతం దాదాపు 8 పాయింట్లు పెరిగిందని పరిశోధకులు లెక్కగట్టారు. అదే పరిశోధకులు ఆ పిల్లల్లో ఆందోళన, దూకుడు పెరిగాయని కూడా రాశారు. రెండూ చెప్పాలి. చౌకగా ఇవ్వడం ఎంత ముఖ్యమో, చూసుకునే మనిషికి సరైన శిక్షణ, సరైన జీతం ఇవ్వడం అంత ముఖ్యం. ఇవాళ పనిచేసే తల్లి ఉత్పాదకత, రేపు పనిచేయబోయే బిడ్డ ఉత్పాదకత ఒకే గదిలో ఉన్నాయి.

ఉద్యోగ శిక్షణ పథకాల గురించి ఒక్క మాట. 200కు పైగా అధ్యయనాల్ని కలిపి చూసిన కార్డ్, క్లూవ్, వెబర్ అనే ఆర్థికవేత్తలు 2018లో తేల్చిందేమిటంటే, ఇలాంటి పథకాల ప్రభావం మొదటి ఏడాది సగటున సున్నాకు దగ్గరగా ఉంటుంది. అసలు ఫలితం రెండు మూడేళ్లకు కనిపిస్తుంది. ఏడాది తిరగగానే ఎంతమందికి ఉద్యోగం వచ్చిందని అడిగి పథకం ఎత్తేసేవాళ్లు పంట చేతికి రాకముందే లెక్క ముగిస్తున్నారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మీరు లెక్కించే కాలం ఒక ఏడాది, మీ పదవీకాలం నాలుగైదేళ్లు, పిల్లవాడు పనివాడయ్యే కాలం 20 ఏళ్లు. దానికి తోడు జాతీయ ఆదాయ లెక్కలు కూడా మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి. చాలా దేశాల్లో ప్రభుత్వ సేవ విలువను దానికి అయిన ఖర్చుతోనే కొలుస్తారు. టీచరు అద్భుతంగా చెప్పినా, అసలు చెప్పకపోయినా జీతం ఒకటే కాబట్టి లెక్కలో విలువ కూడా ఒకటే. బ్రిటన్ ఈ లోపాన్ని సరిదిద్దడానికి ఆర్థికవేత్త టోనీ అట్కిన్సన్‌తో ఒక సమీక్ష చేయించి, 2005లో దాని నివేదిక వచ్చాక, సేవ ఎంత అందిందో నేరుగా కొలిచే పద్ధతిని బలపరిచింది. ఎక్కువ దేశాలు ఇంకా అంతదూరం వెళ్లలేదు. కనిపించనిదాన్ని కాపాడమని మిమ్మల్ని అడుగుతున్నామని నాకు తెలుసు. అందుకే ముందు కనిపించేలా చేయండని అడుగుతున్నాను.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది న్యాయమైన ప్రశ్నే. హెండ్రెన్, స్ప్రంగ్-కైసర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో గత అర్ధ శతాబ్దంలో అమలైన 133 విధానాల్ని ఒకే కొలతతో పోల్చి 2020లో ప్రచురించారు. పేద పిల్లల ఆరోగ్యం, చదువు మీద నేరుగా పెట్టిన ఖర్చుల్లో చాలా వాటికి పెట్టిన డబ్బంతా ప్రభుత్వానికి తిరిగి వచ్చింది. ఆ పిల్లలు పెద్దయి ఎక్కువ సంపాదించి ఎక్కువ పన్ను కట్టారు, ప్రభుత్వ సహాయం తక్కువ తీసుకున్నారు. పెద్దవాళ్ల కోసం పెట్టిన పథకాల్లో అంత రాబడి సాధారణంగా కనిపించలేదు. పెద్దవాళ్లను వదిలేయమని నేను అనడం లేదు, వాళ్లకు ఇచ్చేది వేరే న్యాయం కోసం. కానీ రాబడి అనే మాట వాడదలచుకుంటే, అది అన్నిటికంటే ఎక్కువ ఉన్న చోటు మీరు "ఖర్చు" అని రాసుకున్న చోటే.

నేను అడిగేవి మూడే. కొత్త భవనానికో, వంతెనకో, ఆసుపత్రికో చట్టసభ అనుమతి కోరేటప్పుడు, దాన్ని పదేళ్లు నడపడానికి కావలసిన మనుషుల జీతాలు, మందులు, మరమ్మతుల అంచనాను కూడా అదే కాగితంలో పెట్టండి. రెండింటికీ కలిపే ఓటు అడగండి. నడపడానికి డబ్బు చూపించలేకపోతే కట్టకండి. కోత వేయక తప్పని ఏడాది, ఎంత శాతం తగ్గించారో చెప్పి ఊరుకోకండి. ఎన్ని టీచరు పోస్టులు నింపలేదు, ఎన్ని ఇళ్లకు ఆరోగ్య కార్యకర్త వెళ్లడం ఆగింది, ఏ మందులు ఎన్ని నెలలు ఆలస్యమయ్యాయి అన్నది బడ్జెట్ పత్రాల్లోనే అచ్చువేయండి. ప్రజలకు తెలిస్తే వాళ్లే తేల్చుకుంటారు.

మూడోది డబ్బు పరంగా అన్నిటికంటే చిన్నది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. పిల్లల మీద, శిక్షణ మీద పెట్టే ప్రతి పెద్ద పథకం ఖర్చులో ఒక చిన్న వాటాను, ఆ పథకం అందినవాళ్లు 20 ఏళ్ల తర్వాత ఎలా ఉన్నారో చూడటానికి పక్కన పెట్టండి. ఆ పని మీ శాఖకు కాకుండా స్వతంత్రంగా ఉండే గణాంక సంస్థకు అప్పగించండి. ప్రభుత్వం మారినా ఆగకుండా దానికి చట్టబద్ధత ఇవ్వండి. ఇంగ్లండులో కేంద్రాలు మూతబడుతున్నప్పుడు ఆ అంకెలు చేతిలో ఉండి ఉంటే, కనీసం వాదించడానికి ఒక ఆధారం ఉండేది.

వచ్చే బడ్జెట్‌కు ఇంకా సమయం ఉంది. మీ అధికారులు ఇప్పటికే శాఖల నుంచి అంచనాలు తెప్పించుకుంటూ ఉంటారు. ఆ ఫారంలో నిర్వహణ ఖర్చు కోసం ఒక గడి అదనంగా చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, మీ సంతకంతో ఒక ఉత్తర్వు చాలు. దాంతో మొదలుపెట్టండి.

ఇట్లు,
పన్ను కట్టే ఒక పౌరుడు